ఫోన్ల పెట్టె ఒప్పుకుంది

ఆ రోజు పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పటికి అతని చేతిలో ఉన్న సరుకు ఇది: మూత సరిగ్గా పడని ఒక లాప్‌టాప్, సగం బావమరిది, ఇంకా అవుననీ కాదనీ చెప్పని ఒక ఖాతాదారు. బావమరిదిని సగమని ఎందుకు రాసుకోవలసి వచ్చిందంటే, ఆ కుర్రవాడు మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు. లేచాక ఇద్దరి పని చేస్తాడు. సగటున ఒక మనిషే అవుతాడు గాని, పొద్దున్నే ఫోన్ చేస్తే సగటు లేచి మాట్లాడదు.

ఎదుటి పద్దులో మామగారున్నారు. ఆయనకు రంగుల కొట్టు ఉంది. "నెలాఖరు దాకా మీ ఇష్టం అల్లుడుగారూ. ఒకటో తారీఖు నుంచి మాత్రం మన కొట్లో కూర్చోండి" అని మర్యాదగానే చెప్పారు. ఆ కొట్లో అతను ఒకసారి కూర్చున్నాడు. ఒకాయన వచ్చి మా పక్కింటి గోడ రంగు కావాలన్నాడు. ఏ రంగని అడిగితే వచ్చి చూసుకోమన్నాడు. చూసి వచ్చేసరికి కొట్టు మూసే వేళయింది. ఆ బతుకు తనది కాదని అతను అప్పుడే తేల్చుకున్నాడు. ఇప్పుడు చూస్తే నెలాఖరు ఆ రోజే.

అతను తయారుచేసిన వస్తువు చిన్న దుకాణాల కోసం. నలుగురైదుగురు పనిచేసే చోట ఎవరు ఎప్పుడు రావాలి, ఎవరికి సెలవు, ఒకరు రాకపోతే ఆ పని ఎవరు అందుకోవాలి, ఏ కబురు ఎవరికి చేరాలి, ఇదంతా యజమాని బుర్రలోంచి తీసి ఫోన్లో పెట్టే సాఫ్ట్‌వేర్ అది. తెర మీద ఏ గడి ఎక్కడుండాలో అతను గీస్తాడు, బావమరిది దానికి ప్రాణం పోస్తాడు. మొదటి ఖాతాదారు ఒక లాండ్రీ యజమానురాలు. ఒక పెద్ద హోటల్ దుప్పట్లన్నీ ఆవిడ దగ్గరే ఉతుకుతారు. వారం వాడి చూస్తానంది, ఆ వారం ఇవాళ్టితో సరి. ఆవిడ అవునంటే ఆ వీధి మొత్తం అవునన్నట్టే. ఆవిడ చెవిన వేయకుండా అక్కడ ఎవరూ బోర్డు కూడా మార్చరు. కాబట్టి అతని ప్రణాళిక సులువు: వెళ్ళడం, అవుననిపించుకోవడం, అటునుంచి అటే మామగారి దగ్గరికి పోయి కొట్టుకు రానని చెప్పడం.

ఆ సాఫ్ట్‌వేర్‌లో అతనికి అన్నిటికంటే ముద్దొచ్చే నిబంధన ఒకటుంది. ఎవరైనా సెలవు అడిగితే, ఆ పని చేయగలవాళ్ళలో ఒకరికి 'మీరు అందుకుంటారా' అని కబురు వెళ్తుంది. పావుగంటలో కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మనుషులకు మీట నొక్కాలంటే బద్ధకం. ఇష్టం లేని పని నెత్తిన పడుతుందంటే మాత్రం ఎంత బద్ధకస్తుడైనా నొక్కుతాడు. అలా ఆలోచించి పెట్టిన నిబంధన అది. ఆలోచనలో తప్పు లేదు. లాండ్రీలో ఉంది.

ఆ లాండ్రీలో ఒకప్పుడు ఎవరిదో ఫోన్ దుప్పట్లతో పాటు మిషన్లో పడి, సబ్బు నీళ్ళలో గిరగిరా తిరిగి, తెల్లగా బయటికి వచ్చింది. అప్పటినుంచీ పనిలోకి రాగానే అందరి ఫోన్లూ గుమ్మం పక్కనున్న రేకు పెట్టెలో పడాలి. యజమానురాలిది కూడా. టీ వేళకు తప్ప మూత లేవదు. అతను ఎప్పుడు వెళ్ళినా పని కట్టేశాక సాయంత్రాలే వెళ్ళాడు. అప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉండేవి, పెట్టె మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. అది కూర్చునే పెట్టె అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే రోజూ చేసే పనిని ఎవరూ కొత్తవాళ్ళకు చెప్పరు. వారమంతా ఎవరూ సెలవు అడగలేదు గనక సంగతి బయటపడనూ లేదు.

దానికి తోడు అతనే ఒక షరతు పెట్టాడు. "ఈ వారం ఎవరూ నోటిమాటతో మార్పులు చెయ్యొద్దక్కా. ఫోన్ ఏం చెప్తే అది. లేకపోతే పరీక్షెలా అవుతుంది?" అన్నాడు. ఆవిడ మాట ఇస్తే తప్పని మనిషి. అదే రోజు పనివాళ్ళందరినీ నిలబెట్టి, "ఫోన్ చెప్పిందే మాట. నన్నడగొద్దు" అని చెప్పేసింది.

ఆ పొద్దున వ్యాన్ డ్రైవర్, తన ఫోన్ పెట్టెలో వేయకుండానే, మధ్యాహ్నం దాకా సెలవు కావాలని అందులో నొక్కాడు. అతని అత్తగారికి పన్ను పీకించాలి. ఫోన్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇక చీకటి పెట్టెలో సంప్రదింపులు మొదలయ్యాయి. వ్యాన్ పని అందుకుంటారా అని సాఫ్ట్‌వేర్ ఇస్త్రీ చేసే పెద్దాయనను అడిగింది, ఎందుకంటే 'లైసెన్స్ ఉందా' అన్న ప్రశ్నకు అవునన్నది ఆయనొక్కడే. పెట్టె పలకలేదు. ఒప్పుకున్నాడు. మరి ఇస్త్రీ ఎవరు చేస్తారని ఉతికే మిషన్లు చూసే ఆవిడను అడిగింది. అందరూ వదినా అని పిలిచే ఆవిడ. ఆవిడా ఒప్పుకుంది. మిషన్లకు యజమానురాలు ఒప్పుకుంది. ఫోన్లో 'ఓనర్' అని రాసున్న ఆవిడ కౌంటర్ ఖాళీ అయింది. జాబితాలో మిగిలిన పేరు ఒక్కటే, సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూడటానికి అతను చేర్చుకున్న తన సొంత పేరు. అతని జేబులో ఫోన్ మోగినప్పుడు అతను స్కూటర్ మీద ఉన్నాడు. బండి నడుపుతూ ఫోన్ తీయకూడదన్నది అతని నియమం. పావుగంట గడిచింది. అతనూ ఒప్పుకున్నాడు.

లాండ్రీ చేరేసరికి టీ వేళ దాటింది. ఆవరణలో వ్యాన్ నిలబడి ఉంది. అందులో స్టీరింగు ముందు ఇస్త్రీ పెద్దాయన ఫోటో తీయించుకుంటున్నంత నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడ కూర్చున్నారేంటి బాబాయ్?"

"ఈ పూట నేను డ్రైవర్ని బాబూ."

"మీకు వ్యాన్ నడపడం వచ్చా?"

"రాదు. ఆ సంగతి ఫోన్ అడగలేదు. లైసెన్సుందా అంది. ఉందన్నాను. మోపెడ్‌ది."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

"నేనెక్కడ ఒప్పుకున్నాను? పెట్టె ఒప్పుకుంది. టీ తాగుతూ చూస్తే ఒప్పుకున్నానని రాసుంది. రాసిచ్చాక వెనక్కిపోతే బాగుండదని వచ్చి కూర్చున్నా." ఆయన గొంతు తగ్గించి, "తాళం ఎటు తిప్పాలో మాత్రం ఎవర్నీ అడక్కూడదంట. నోటిమాట వద్దన్నారుగా" అన్నాడు.

పెట్టె ఏమిటని అడిగితే పెద్దాయన చెప్పాడు. లోపలికి పరుగెత్తాడు. ఇస్త్రీ బల్ల దగ్గర వదిన ఒక దుప్పటితో కుస్తీ పడుతోంది. మడతలు పోవడానికి బదులు కొత్తవి పడుతున్నాయి.

"మా ఇంట్లో మా ఆయన చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేసుకుంటాడు సార్. నా చీరలూ ఆయనే చేస్తాడు. కావాలంటే ఫోన్లో ఆయన పేరెక్కించుకోండి, పంపిస్తా" అంది వదిన.

ఉతికే గదిలో మిషన్ మూత సందులోంచి నురగ నేల మీదికి దిగి, గుమ్మం వైపు నింపాదిగా నడిచి వస్తోంది. దాని మధ్యలో చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని యజమానురాలు నిలబడి ఉంది.

"సబ్బుపొడి ఎంత వెయ్యాలక్కా దీనికి?" అన్నాడు, ఏమనాలో తోచక.

"వదినకు తెలుసు. పక్క గదిలోనే ఉంది. అడుగుదామంటే నువ్వు అడగొద్దన్నావు."

"అక్కా, ఇదంతా పొరపాటు. మీరు కౌంటర్‌కి వచ్చేయండి. అందరూ ఎవరి చోటికి వాళ్ళు..."

"నోటితో చెప్తున్నావు తమ్ముడూ."

"ఇది అత్యవసరం అక్కా."

"అత్యవసరమైతే ఫోన్లో చెప్పు. ఇవాళే కదా ఆఖరు రోజు, ఆఖర్న నా మాట తప్పించకు" అంటూ ఆవిడ చీపురు అందుకుంది.

కౌంటర్ దగ్గర అప్పటికే ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన తన కోటు ఎప్పుడిస్తారని అడిగాడు. ఏ కోటని ఇతను అడిగాడు. ఓనర్‌కి తెలుసునన్నాడాయన. ఇంతలో బల్ల మీదున్న లాండ్రీ ఫోన్ మోగింది. హోటల్ నుంచి. ఇవాళ గదులన్నీ నిండుతున్నాయి, సాయంత్రానికి దుప్పట్లు అందకపోతే రేపటినుంచి వేరే లాండ్రీ చూసుకుంటామని అవతలి గొంతు చెప్పింది.

"అందుతాయండీ" అన్నాడతను.

"మీరెవరు? గొంతు కొత్తగా ఉందే."

"ఓనర్ని" అని, అబద్ధమాడలేక, "ఈ పూటకి" అని కలిపాడు.

ఫోన్ పెట్టేశాక లెక్క మారిందని అతనికి అర్థమైంది. పొద్దున తన ఖాతాదారు ఉంటుందా పోతుందా అన్నదొక్కటే బెంగ. ఇప్పుడు ఆవిడ ఖాతాదారు కూడా తన వల్లే పోయేటట్టున్నాడు. మామగారి కొట్లో ఎన్ని గోడలు చూసి వచ్చినా ఆ నష్టం పూడదు.

ఇంటికి ఫోన్ చేశాడు. బావమరిది ఫోన్ తన భార్య ఎత్తింది.

"వాణ్ణి లేపు. కొంప మునుగుతోంది."

"ఏమైంది?"

చెప్పాడు.

"కాదనకపోతే ఒప్పుకున్నట్టని రాశారా? పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నేను మాట్లాడకుండా ఊరుకున్న రోజుల్లో ఏం జరిగిందో ఒక్కటీ గుర్తులేదా మీకు?" అంది భార్య. అప్పుడు వెళ్ళి తమ్ముణ్ణి లేపింది.

బావమరిది ఆవలింతల మధ్య అంతా విని, "అంతేనా బావా? అన్నీ రద్దు చేసేస్తా. పని మారిందని వెంటనే చూసేలా అలారం కూడా పెడతా" అన్నాడు. అన్న మాట ప్రకారం చేశాడు. ఎవరు అందుకున్న పనిని వాళ్ళు వదిలేసినట్టు నొక్కాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని బుద్ధిగా అర్థం చేసుకుంది: ఇస్త్రీ ఆయనకు వ్యాన్ వద్దు, వదినకు ఇస్త్రీ వద్దు, యజమానురాలికి మిషన్లు వద్దు. వద్దన్న పనులన్నిటికీ మళ్ళీ మనుషులను వెతకడం మొదలుపెట్టింది. వాళ్ళందరినీ పెట్టెలోనే అడిగింది. పావుగంటలో అందరూ మళ్ళీ ఒప్పుకున్నారు.

అప్పుడు అలారం మోగింది. రేకు పెట్టె కౌంటర్ పక్కన గడగడ వణికింది. కోటు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. లాండ్రీ అంతా వచ్చి పెట్టె చుట్టూ చేరింది. ఎవరి ఫోన్ వాళ్ళు తీసి చదువుకున్నారు. ఇస్త్రీ పెద్దాయనకు మిషన్లు, యజమానురాలికి ఇస్త్రీ, వదినకు వ్యాన్ వచ్చాయి. లైసెన్స్ ఉన్నవాడు వద్దన్నాక లేనివాళ్ళను అడగక తప్పదు గదా. కౌంటర్ మాత్రం అతనిదే.

"వ్యాన్ నడపాలని నాకు ఎప్పట్నుంచో ఉంది సార్" అంది వదిన, కొంగు నడుముకు బిగిస్తూ. ఆవిడ ముఖంలో అంత వెలుగు ఆ పూట ఇంకెవరి ముఖంలోనూ లేదు. అతను గబగబా వెళ్ళి వ్యాన్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

బావమరిదితో ఇంకో దిద్దుబాటు చేయిస్తే తన చేతికి ఏ పని వస్తుందోనని భయం వేసింది. పెట్టె మీద కూలబడి తల పట్టుకున్నాడు. ఇస్త్రీ పెద్దాయన పక్కన వచ్చి నిలబడ్డాడు.

"ఒకటడుగుతా బాబూ. ఫోన్ చెప్పినట్టు వినాలి. అంతేగా?"

"అంతే."

"ఫోన్ ఇప్పుడు మిమ్మల్ని ఓనర్ అంటోంది. రెండుసార్లు అంది. ఓనర్ నోరు తెరిచి ఒక మాట చెప్తే, అది ఫోన్ చెప్పినట్టు కాదా?"

అందరూ యజమానురాలి వైపు చూశారు. ఆవిడ కాస్త ఆలోచించి, "బాబాయ్ అన్నదాంట్లో న్యాయముంది. నేనిప్పుడు ఇస్త్రీ మనిషిని. ఓనర్ ఎట్లా చెప్తే అట్లా" అంది.

అతనికి ప్రాణం లేచి వచ్చింది. "అయితే అందరూ పొద్దున ఎక్కడున్నారో అక్కడికే వెళ్ళండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"ఏమైంది?"

"ఏం లేదు సార్" అంది వదిన. ఆ గొంతులో ఏదో ఉంది. సాఫ్ట్‌వేర్ అయితే పావుగంట ఆగి ముందుకు పోయేది. అతను ఈసారి ఆగి, మళ్ళీ అడిగాడు.

వదిన నీళ్ళు నమిలి, బడిలో టీచర్ తన కూతుర్ని గురించి మాట్లాడాలి రమ్మందని, సాయంత్రం కొంచెం ముందు వెళ్ళాలని చెప్పింది. పొద్దున అక్కతో ఒక మాట అనేద్దామనుకుందట, నోటిమాట వద్దన్నారని మింగేసిందట. ఫోన్లో పెట్టొచ్చుగా అంటే, "పిల్ల లెక్కల్లో తప్పిందని ఫోన్లో ఏ గడిలో రాయను సార్?" అంది. ఇస్త్రీ పెద్దాయనను అడిగితే ఆయన ముందు ఏమీ లేదన్నాడు. మళ్ళీ అడిగితే, కుడి భుజం లాగేస్తోందని, వ్యాన్ సీట్లో ఊరికే కూర్చున్నంతసేపు హాయిగా ఉందని ఒప్పుకున్నాడు.

"మరి నాకు చెప్పలేదేం?" అంది యజమానురాలు.

"చెప్పక్కర్లేకుండానే తెలుసుకునేదానివిగా అమ్మా. ఈ వారమంతా నువ్వు ముఖాలు చూడ్డం మానేసి ఫోన్ చూస్తున్నావు."

ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి ఒక దుప్పటి పరిచింది. ఇస్త్రీపెట్టె బల్ల మీద ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా ఆగకుండా పోయింది. ఒక్క మడత లేదు. అందరూ చూస్తూ ఉండిపోయారు. ఈ లాండ్రీ పెట్టకముందు ఆవిడ పనిచేసింది ఆ బల్ల మీదేనని అప్పుడు తెలిసింది అతనికి.

"నేనిక్కడే ఉంటా. చాలా రోజులైంది" అంది, తల ఎత్తకుండా.

అతను గీసిన గడుల్లో ఎవరికి ఖాళీ ఉంది, ఎవరికి ఏ పని వచ్చు అన్నవే ఉన్నాయి. ఎవరు ఎలా ఉన్నారు అన్నదానికి గడి లేదు. పెట్టినా దాన్ని ఎవరూ నింపరని అతనికి తెలుస్తూనే ఉంది. మనుషులు మొదటిసారి అడిగితే బాగున్నామనే అంటారు. రెండోసారి అడిగేవాడు ఒకడు ఎదురుగా నిలబడి ఉండాలి. యజమానురాలు ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే. దాన్ని అతను తలనొప్పి అని పేరుపెట్టి, తీసేస్తానని అమ్మజూపాడు.

ఆ తర్వాత పని దానంతట అదే దారిన పడింది. పెద్దాయన కూర్చుని మడతలు పెట్టాడు. వదిన నురగను లొంగదీసి మిషన్లు నడిపింది. ఆవిడ ముందు వెళ్ళిపోతే ఆఖరు విడత ఎవరు తీయాలన్నదానికి, కౌంటర్లో కూర్చున్నవాడే లేచి తీస్తానన్నాడు. కోటు దొరికింది. కోటు ఆయన అలారం ఇంకోసారి మోగుతుందా అని ఆసక్తిగా అడిగి వెళ్ళాడు.

దుప్పట్లన్నీ సిద్ధమయ్యే వేళకు డ్రైవర్ మోటార్ సైకిల్ మీద దిగాడు. వెనక అత్తగారు. ఒక బుగ్గ ఉబ్బి, నోటినిండా దూదితో ఉంది.

"ఆవిణ్ణి ఇంటిదగ్గర దించకుండా తెచ్చావేం?" అన్నాడతను.

"ఆలస్యమైపోయింది సార్. ముందు హోటల్‌కి పోయి, తర్వాత ఇంటికి పోదామా అత్తయ్యా అని అడిగా. కాదనలేదు. ఒప్పుకుందనుకున్నా."

ఆవిడ చూసిన చూపు అతను చూశాడు. ఆ నిబంధన తప్పని ఇంకెవరూ నిరూపించనక్కర్లేదు. దుప్పట్లతో పాటు ఆవిడ కూడా వ్యాన్లో ముందు సీట్లో హోటల్ దాకా వెళ్ళి వచ్చింది. సరుకు వేళకే అందిందని హోటల్ వాళ్ళు ఫోన్ చేశారు. ఈ పూట ఓనర్ బాగా మాట్లాడాడని కూడా అన్నారు.

పని కట్టేశాక యజమానురాలు చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టె మీద కూర్చుంది. అతను లాప్‌టాప్ మూత మూస్తున్నాడు. అది మూతపడలేదు.

"ఆ నిబంధన తీసేస్తానక్కా. అవునంటేనే అవునని పెడతా. ఇంకో వారం చూడండి" అన్నాడు.

"వద్దు తమ్ముడూ. ఆ సాఫ్ట్‌వేర్ నాకొద్దు."

అతను తల ఊపాడు. ఈ మాట వస్తుందని తెలుసు. తెలిసినా, రంగు డబ్బాల వాసన ముక్కుకు తగిలినట్టే అయింది.

"నాకు నువ్వు కావాలి" అంది ఆవిడ. "రేపట్నుంచి కౌంటర్లో కూర్చో. ఎవరెప్పుడు రావాలి, ఎవరికేం పని, అన్నీ నువ్వే చూడు. ఇవాళ వదినను రెండోసారి అడిగావు చూడు, అప్పుడే అనుకున్నా. నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటా. ఒంట్లో బాగోకపోతే ఒక రోజు ఇంటి దగ్గర ఉంటా. ఇన్నేళ్ళలో ఒక్క రోజు ఉండలేదు నేను."

"మరి నా సాఫ్ట్‌వేరు అక్కా?"

"చేసుకో, ఎవరొద్దన్నారు? మమ్మల్ని చూస్తూ చెయ్యి. ఏడాది తర్వాత చూపించు, అప్పుడు చూస్తా."

అతను అవుననలేదు, కాదననూ లేదు. ఆవిడ పావుగంట ఆగే మనిషి కాదు. "నోటితో చెప్పు" అంది. చెప్పాడు.

మామగారికి విషయం తెలిసి, "కౌంటరే అయితే నాది ఏం పాపం చేసింది?" అని కూతుర్ని అడిగారు. అక్కడ గోడలు చూడనక్కర్లేదట నాన్నా, ముఖాలు చూస్తే చాలట అని ఆవిడ చెప్పింది. బావమరిది మాత్రం బాధపడలేదు. ఏడాది గడువంటే అతనికి మధ్యాహ్నం దాకా నిద్రపోవడానికి ఏడాది గడువే.

చివరి లెక్క చూసుకుంటే ఇలా తేలింది. అతనికి ఖాతాదారు పోయింది, ఉద్యోగం వచ్చింది. మామగారికి అల్లుడు పోయాడు, గోడ రంగు అడిగినవాళ్ళకు జవాబు చెప్పే పని మిగిలింది. లాండ్రీ ఆవిడకు మాత్రం, ఎవరు ఎప్పుడు రావాలో చూసుకుని ఎవరికి ఏ కబురు చేరాలో చేర్చే వస్తువు అనుకున్నట్టే అందింది. తమ్ముడూ అంటే పలుకుతుంది, నిర్వహణ ఖర్చు రోజుకు రెండు టీలు, సోమవారం సెలవు.